పిల్లిగోరు

పిల్లిగోరు అంటే ఏమిటో ముందే చెప్పుకోవాలి. లేకపోతే ఈ కథలో కోర్టువారికి పట్టిన గతే మనకూ పడుతుంది. లిఫ్టు ఉన్న ప్రతి మేడలో, ప్రతి అంతస్తులోనూ, తలుపు పైన మన కంటికి ఆనని చోట చిటికెనవేలంత ఉక్కు కొక్కెం ఒకటి ఉంటుంది. తలుపు మూసుకోగానే అది టక్కున పడి తలుపును పట్టుకుంటుంది. అది పట్టుకుంటేనే లిఫ్టు కదులుతుంది. అది అరిగిందా, రెండింటిలో ఒకటి ఖాయం: లిఫ్టు మొండికేసి నిలబడిపోతుంది, లేదా లిఫ్టు లేని చోట తలుపు తెరుచుకుని మనిషి పాతాళానికి పోతాడు. కొన వంపు తిరిగి ఉంటుంది కాబట్టి దానికా పేరు. ఎవరు పెట్టారో తెలియదు. మేస్త్రీ పని నేర్చుకునే రోజులకే ఆ పేరు పాతది. లిఫ్టులు తయారుచేసే పెద్ద కంపెనీ మెకానిక్కులూ అలాగే అనేవారు, ఆ కంపెనీ గోడౌనులో డబ్బాలు సర్దేవాళ్ళూ అలాగే అనేవారు. కాగితం మీద మాత్రం దానికి ఒక నంబరు ఉండేది. కాగితం మీద ఖైదీలకు కూడా నంబరే ఉంటుంది, అంతమాత్రాన వాళ్ళమ్మ వాళ్ళను నంబరుతో పిలవదు.

మేస్త్రీ షాపు రెండు మేడల మధ్య సందులో, మెట్ల కింద మిగిలిపోయిన జాగాలో ఉండేది. లోపలికి వెళ్ళాలంటే ఎంతటివాడైనా తల వంచాల్సిందే. మేకులకు వేలాడే ఉక్కుతాళ్ళ చుట్టలు, గ్రీజు డబ్బాలు, పాత మోటారు ఒకటి, దాని మీద టీ గ్లాసు. వీటన్నిటికీ పైన, అద్దం బిగించిన ఫ్రేములో కోర్టు తీర్పు. తీర్పంటే మొదటి పేజీ మాత్రమే. మిగతా ఇరవై పేజీలు డ్రాయరులో స్క్రూల కింద పడి ఉండేవి. మొదటి పేజీలో గెలిచినట్టు ఉంది కదా, ఇంకేం కావాలి అనేవాడు మేస్త్రీ. అతను చదువు రానివాడేం కాదు. గెలిచినవాడు మిగతా పేజీలు ఎందుకు చదువుతాడు అని అతని ఉద్దేశం.

ఆ గెలుపు తొమ్మిదేళ్ళ కిందటిది. ఊళ్ళో ప్రతి నాలుగు లిఫ్టుల్లో మూడు పెద్ద కంపెనీవే. లిఫ్టు అమ్మడంలో కంటే, ఏటేటా దాన్ని మేమే చూసుకుంటామని కాంట్రాక్టు రాయించుకోవడంలోనే ఆ కంపెనీకి రుచి ఎక్కువ. మేస్త్రీలాంటి బయటి మెకానిక్కులు అదే పనిని సగం డబ్బుకే చేసిపెట్టేవారు. కంపెనీ వాళ్ళనెవరినీ కొట్టలేదు, తిట్టలేదు. స్పేరు పార్టులు బయటివాళ్ళకు అమ్మడం మానేసింది, అంతే. మందు చీటీ రాసిన డాక్టరే ఊళ్ళో మందుల షాపులన్నీ మూయించినట్టు. అప్పుడు పదకొండు మంది మెకానిక్కులు కలిసి, బజారులో పోటీ చచ్చిపోకుండా చూడ్డానికి సర్కారు పెట్టిన ఆఫీసుకు వెళ్ళి మొరపెట్టుకున్నారు. ఆ ఆఫీసు తరఫున కేసు నడిపినావిడ అప్పుడే ఉద్యోగంలో చేరిన లాయరు. అందరికీ లాయరమ్మ. మూడేళ్ళు పట్టు వదలకుండా పోరాడి గెలిచింది. పన్నెండేళ్ళపాటు కంపెనీ తన సొంత మెకానిక్కులకు ఏ ధరకు ఇస్తుందో అదే ధరకు బయటివాళ్ళకూ పార్టులు అమ్మాలని, రాతపూర్వకంగా అడిగినవాళ్ళకు వారంలో ఇవ్వాలని, ఇవ్వకపోతే ఎందుకివ్వరో రాసి చెప్పాలని కోర్టు శాసించింది. ఇంకా చాలా శాసించింది, కానీ మేస్త్రీకి అది చాలు.

తీర్పు వచ్చిన మూడు నెలలకు కంపెనీ గోడౌను పక్కగోడకు ఒక కొత్త కిటికీ తెరుచుకుంది. 'బయటి మెకానిక్కుల కౌంటరు' అని బోర్డు పెట్టారు. అక్కడ కూర్చోడానికి మనిషి కావాలని అందరికంటే ముందు తెలిసింది మేస్త్రీకే. అప్పటికి అతని అల్లుడు ఏడాదిన్నరగా ఇంట్లో కూర్చుని ఉన్నాడు. అంతకుముందు ఒక ప్రింటింగు ప్రెస్సులో సరుకు చూసేవాడు, ఆ ప్రెస్సు మూతపడింది. ఉద్యోగం పోయిన మగవాళ్ళు కొందరు కేకలేస్తారు, కొందరు తాగుతారు. ఇతను మాట మానేశాడు. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. కూతురు ఇంట్లో బ్లేడ్లు దాచిపెట్టుకుని తిరిగేది. అలాంటివాడు ఆ కౌంటరులో చేరిన నెలకు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆదివారం భోజనానికి వచ్చి జోకు చెప్పాడు. మేస్త్రీ భార్య వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. నేను వేసిన కేసు నా అల్లుడికి ఉద్యోగం ఇచ్చిందని మేస్త్రీ సందులో కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు. ఈ చుట్టరికం కంపెనీవాళ్ళకు తెలియదని అతని నమ్మకం. తెలిసే తీసుకున్నారేమో అన్న అనుమానం అతనికి చాలా ఆలస్యంగా తట్టింది.

ఆదివారం ఇంట్లో మామయ్యా అని పిలిచే మనిషి, సోమవారం కిటికీ వెనక నుంచి మేస్త్రీగారూ అనేవాడు. మేస్త్రీ దాన్ని తప్పు పట్టలేదు సరికదా, ముచ్చటపడేవాడు. డ్యూటీ డ్యూటీయే. కిటికీ దగ్గర నిలబడి రెండు పిల్లిగోళ్ళు కావాలంటే, అల్లుడు లోపలికి వెళ్ళి నిమిషంలో తెచ్చి, రసీదు మీద నంబరు వేసి ఇచ్చేవాడు. ఐదేళ్ళు అలా హాయిగా గడిచాయి.

తర్వాత కంపెనీకి కొత్త మేనేజరు వచ్చాడు. ఆయన తీర్పును ఉల్లంఘించలేదు. మేస్త్రీలా ఫ్రేము కట్టించకుండా శ్రద్ధగా చదివాడు. చదివి, అందులో 'రాతపూర్వకంగా' అన్న మాట దగ్గర ఆగాడు. ఆ మర్నాటి నుంచి నోటితో అడిగితే అల్లుడు లేదండీ అన్నాడు. ఎప్పుడొస్తుందంటే చెప్పలేనండీ అన్నాడు. అంటున్నప్పుడు అతని కళ్ళు మేస్త్రీ చొక్కా గుండీల మీద ఉన్నాయి. సరే అని మేస్త్రీ కాగితం మీద రాసిచ్చాడు: 'అయ్యా, పిల్లిగోళ్ళు రెండు ఇప్పించగలరు.' వారం తిరక్కుండా ఆ కాగితమే వంకాయరంగు ముద్రతో వెనక్కి వచ్చింది: 'ఈ పేరుగల భాగం మా జాబితాలో లేదు.' మొదటిసారి మేస్త్రీ నవ్వుకున్నాడు. రెండోసారి కోపం వచ్చింది. ఆ తర్వాత అలవాటైంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, ఇక్కడ పూజారి సొంత అల్లుడు. ఆదివారం భోజనాల దగ్గర ఆ సంగతి ఎత్తకూడదని ఇద్దరూ మాట అనుకోకుండానే అనుకున్నారు. పప్పు వడ్డించమని, నీళ్ళు అందుకోమని మాత్రం మాట్లాడుకునేవారు.

పార్టు లేక ఒక్కో మేడ చేజారింది. బజారు మేడలో ఆరో అంతస్తులో పళ్ళ డాక్టరు ఒకాయన ఉండేవాడు. లిఫ్టు నిలిచిపోతే ఆయన రోగులు దవడ పట్టుకుని ఆరు అంతస్తులు ఎక్కేవారు, ఎక్కేసరికి కొందరికి నొప్పి ఎక్కడుందో కూడా తెలిసేది కాదు. ఆ ముక్క ఆకురాయితో నువ్వే చేసిపెట్టరాదా అని ఆయన మేస్త్రీని బతిమాలాడు. చెయ్యడం చేతకాక కాదు. ఉక్కు ఎంత కాల్చాలో, ఎక్కడ చల్లార్చాలో తెలియకుండా చేసిన గోరు ఆర్నెల్లు బాగానే పట్టి, ఏడో నెల జారుతుంది. నా ఇంట్లోవాళ్ళను ఎక్కించలేని లిఫ్టులో ఊళ్ళోవాళ్ళను ఎక్కించను అన్నాడు మేస్త్రీ. నీతికి మెచ్చుకుని డాక్టరు పెద్ద కంపెనీతో కాంట్రాక్టు రాసుకున్నాడు. మర్నాడే కంపెనీ మెకానిక్కు వచ్చి అరగంటలో కొత్త పిల్లిగోరు బిగించి వెళ్ళాడు. పదకొండు మందిలో కొందరు ఊరు విడిచారు, కొందరు కంపెనీ యూనిఫారం తొడుక్కున్నారు. చివరికి మిగిలింది మేస్త్రీ ఒక్కడు, అతని చేతిలో రెండు లిఫ్టులు.

అలాంటి సమయంలో లాయరమ్మ నుంచి కబురొచ్చింది.

ఆవిడ ఆఫీసు నాలుగో అంతస్తులో. కింద లిఫ్టుకు 'మరమ్మతులో ఉంది' అని అట్ట వేలాడుతోంది. మేస్త్రీ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, ఆయాసం తీరకముందే అది ఎన్నాళ్ళనుంచి ఆగిందని అడిగాడు. కంపెనీవాళ్ళు రేపొస్తామన్నారని చెప్పింది ఆవిడ, నవ్వకుండా. తొమ్మిదేళ్ళలో ఆవిడ జుట్టు చెవుల పక్కన నెరిసింది. బల్లకు రెండువైపులా ఫైళ్ళు గోడల్లా లేచాయి.

విషయం ఇది. తీర్పుకు ఇంకా మూడేళ్ళు గడువుంది. దాన్ని మార్చమని కంపెనీ కోర్టుకు వెళ్ళింది. పరిస్థితులు మారిపోయాయట. నాలుగేళ్ళుగా తమ కౌంటరులో ఒక్కరంటే ఒక్కరు పద్ధతి ప్రకారం పార్టు అడగలేదట, రిజిస్టరు ఖాళీగా ఉందట. అడిగేవాడే లేనప్పుడు అమ్మి తీరాలని శాసనం ఎందుకని వాళ్ళ వాదన. గొంతు నొక్కినవాడే వచ్చి, వీడు కిమ్మనడం లేదు చూడండి, సుఖంగా ఉన్నాడు అని చెబుతున్నట్టు తోచింది మేస్త్రీకి. సంచీలోంచి ఉత్తరాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. లాయరమ్మ మొహం వెలిగింది. ఒక్కో కాగితం తిప్పుతున్నకొద్దీ ఆ వెలుగు తగ్గింది.

"నంబరు ఎందుకు రాయలేదు మేస్త్రీగారూ?"

"నంబరు మాకెవరు చెప్పారండీ? జాబితా చూపించమంటే ఆఫీసు వాడకానికి మాత్రమే అన్నారు."

"తీర్పులోనే ఉంది కదా. పద్దెనిమిదో పేజీలో పట్టిక. తలుపు కొక్కెం, నాలుగువందల పదిహేడు."

మేస్త్రీకి డ్రాయరు గుర్తొచ్చింది, అందులో స్క్రూలు గుర్తొచ్చాయి. నాలుగేళ్ళుగా తాను వెతుకుతున్న అంకె తన మోకాలి ఎత్తులో, తుప్పు కింద పడుకుని ఉంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.  మెల్లిగా, నంబరుతో ఎవరూ అడగరని, ఐదేళ్ళపాటు పిల్లిగోరు అంటేనే ఇచ్చారని, ఆ మాట తెలియనివాడు ఆ గోడౌనులో లేడని చెప్పాడు. లాయరమ్మ ముందుకు వంగింది.

"మనకి కావలసింది అదే. కౌంటరులో కూర్చునే మనిషికి ఆ మాట తెలుసని రుజువైతే చాలు, ఈ ముద్రలన్నీ దొంగముద్రలే. కోర్టు ధిక్కారం అవుతుంది. తీర్పు తీసెయ్యడం కాదు, ఇంకో ఐదేళ్ళు పొడిగించమని నేనే అడుగుతాను. మీకు పార్టులు వస్తాయి, మీ మేడలు మీకు తిరిగొస్తాయి." ఆగి, ఇంకో కాగితం తీసింది. "కానీ ఆ కౌంటరు ఉద్యోగి ఆ మాట ఎప్పుడూ విననే లేదని ప్రమాణపత్రం ఇచ్చాడు. ఈయన మీకు తెలుసా?"

కాగితం అడుగున సంతకం. సంతకం చివర ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. అదే సంతకాన్ని మేస్త్రీ కూతురి పెళ్ళి రిజిస్టరులో చూశాడు, మనవరాలి బడి ఫారం మీద చూశాడు.

"కౌంటరులో చూశానండీ," అన్నాడు.

కూతురు రెండు రోజుల తర్వాత మధ్యాహ్నంపూట షాపుకు వచ్చింది. ఎప్పుడూ రాదు. తల వంచి లోపలికి వచ్చి, స్టూలు మీద గ్రీజు తుడుచుకుని కూర్చుంది. తండ్రికి టీ చెప్పే అవకాశం కూడా ఇవ్వలేదు.

"ఆయన నన్ను పంపలేదు నాన్నా. నేనొచ్చినట్టు కూడా తెలీదు," అంది. "ఆ సంతకం ఆయన పెట్టకపోతే ఇంకొకడు పెట్టేవాడు. ఆ ఇంకొకడే ఆ కుర్చీలో కూర్చునేవాడు. నువ్వు కోర్టులో ఆయనకి తెలుసని చెబితే, అబద్ధపు ప్రమాణం చేసింది కంపెనీ కాదు, ఆయన. కంపెనీ చేతులు దులుపుకుంటుంది."

మేస్త్రీ చేతిలో ఉన్న బోల్టును గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

"మళ్ళీ ఆ గోడవైపు తిరిగి పడుకునే మనిషిని నేను చూడలేను నాన్నా. ఈసారి నాకు ఓపిక లేదు."

"షాపు పోతుందమ్మా," అన్నాడు మేస్త్రీ.

కూతురు చుట్టూ చూసింది. ఉక్కుతాళ్ళ చుట్టలు, గ్రీజు డబ్బాలు, గోడకు ఫ్రేము. పోవడానికి ఇంకేం మిగిలింది నాన్నా అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అందుకే అంత గుచ్చుకుంది.

ఇంటికి వెళ్ళి చెబితే భార్య, ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది మీ బతుకు అంది. మా పనిలో రెండూ ఒకటేనే, లిఫ్టు గుంట అన్నాడు మేస్త్రీ. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. ముప్పై ఏళ్ళు గుంటలోకి దిగి, తలమీద ఆగిన లిఫ్టు కింద పనిచేసిన మనిషి. పైనున్నది కింద పడదన్న నమ్మకం ఒక్కటే అతని చదువు. తీర్పు మీద కూడా అలాంటి నమ్మకమే పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ తీర్పును పట్టుకుని వేలాడితే కూతురి సంసారం తెగుతుంది, కూతురి కోసం వదిలేస్తే తన చేతిపని తెగుతుంది. ఆ వారంలో అతను లాయరమ్మకు చుట్టరికం చెబుదామని రెండుసార్లు ఫోను తీశాడు, రెండుసార్లూ పెట్టేశాడు. చెబితే ఆవిడ అల్లుణ్ణి బోనెక్కించి నలిపేస్తుంది. అది ఆవిడ ఉద్యోగం, ఆవిడ తప్పు కాదు.

కోర్టు హాలు అతను అనుకున్నంత పెద్దది కాదు. బెంచీలు బడిలో బెంచీల్లాంటివే. అల్లుడు అవతలి వరసలో, మేనేజరు పక్కన, ఇస్త్రీ చొక్కాలో కూర్చుని ఉన్నాడు. మామను చూసి లేవబోయి, మధ్యలో ఆగి, మళ్ళీ కూర్చున్నాడు.

కంపెనీ లాయరు సరదా మనిషి. ఉత్తరాల కట్టను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, పిల్లిగోరు అనేది కంపెనీ జాబితాలో గానీ, కోర్టువారి తీర్పులో గానీ, ఏ పుస్తకంలో గానీ ఉందా అని అడిగాడు. లేదని ఒప్పుకున్నాడు మేస్త్రీ. పిల్లిగోరు తర్వాత కుక్కతోక కూడా అడుగుదామనుకున్నారా అన్నాడు లాయరు. హాలంతా నవ్వింది. జడ్జిగారు పెదవి బిగబట్టారు గానీ కళ్ళతో నవ్వేశారు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాడిలా మేస్త్రీ ఆ నవ్వుల మధ్య నిలబడ్డాడు. తన మీద నవ్వినందుకు కాదు గానీ, ఆ మాట మీద నవ్వినందుకు అతనికి ఒళ్ళు మండింది. ఆ మాటతో అతను ముప్పై ఏళ్ళు మనుషుల ప్రాణాలు కాపాడాడు.

లాయరమ్మ లేచింది. ఒక్కటే ప్రశ్న వేసింది, దానికోసమే అతన్ని పిలిచింది.

"మీరు కౌంటరులో పిల్లిగోరు కావాలని అడిగినప్పుడు, అక్కడ కూర్చున్న ఉద్యోగికి మీరేం అడుగుతున్నారో తెలుసా, తెలియదా?"

మేస్త్రీ అవతలి వరసవైపు చూశాడు. అల్లుడు తల దించుకుని తన చెప్పుల వైపు చూస్తున్నాడు. మెడ వెనక, చొక్కా కాలరు మీద, జుట్టు కొత్తగా కత్తిరించుకున్న గీత తెల్లగా కనిపిస్తోంది. సాక్ష్యం కోసం కత్తిరించుకున్నట్టున్నాడు. ఎందుకో ఆ గీత చూడగానే మేస్త్రీకి కోపం చల్లారిపోయింది, దాని స్థానంలో ఏమీ రాలేదు.

"తెలియదండీ," అన్నాడు. "అది మా షాపులో మేం పెట్టుకున్న పేరు. బయటివాళ్ళకి తెలిసే అవకాశం లేదు. నంబరు రాయకపోవడం నా పొరపాటు."

లాయరమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసి, ఇక ప్రశ్నలు లేవని చెప్పి కూర్చుంది. మేనేజరు అల్లుడి భుజం తట్టాడు.

రెండు వారాలకు ఉత్తర్వు వచ్చింది. లాయరమ్మ ఫోను చేసి తనే చదివి వినిపించింది. పరిస్థితులు మారాయని కోర్టు ఒప్పుకుంది. తీర్పు తన ఉద్దేశాన్ని నెరవేర్చిందని, ఇక కొనసాగించనక్కర లేదని రాసింది. ధర గురించిన పేరా, జవాబు గురించిన పేరా, కౌంటరు గురించిన పేరా, మూడూ రద్దు. మేస్త్రీ 'ఉద్దేశం నెరవేరింది' దగ్గరే ఆగిపోయాడు. తర్వాతవి అతని చెవిన పడ్డాయి గానీ తలకెక్కలేదు.

"ఆయన మీకేమవుతారు?" అని అడిగింది లాయరమ్మ, ఉన్నట్టుండి.

"అల్లుడండీ."

 ముందే చెప్పి ఉండాల్సిందని, చెప్పి ఉంటే మేస్త్రీని కాకుండా ఇంకొకరిని సాక్షిగా తెచ్చేదాన్నని ఆవిడ అంది. ఇంకొకరు ఉన్నారా అండీ అని అడిగాడు మేస్త్రీ.  తొమ్మిదేళ్ళ కిందట, రాజీ మాటల్లో కంపెనీవాళ్ళు 'రాతపూర్వకంగా' అన్న ఒక్క ముక్క చేర్చమంటే, పోనీలే ఒక్క ముక్కే కదా అని ఒప్పుకున్నది తనేనని చెప్పింది ఆవిడ. ఎవరి పొరపాటు వాళ్ళు ఒప్పుకోవడం అయిపోయాక ఇద్దరూ ఫోను పెట్టేశారు.

మిగిలిన రెండు మేడలూ నెల తిరక్కుండా పోయాయి. స్పేరు పార్టులు ఇకపై మా కాంట్రాక్టు ఉన్నవారికే అని కంపెనీ మేడల యజమానులందరికీ మర్యాదగా ఉత్తరాలు రాసింది. మేస్త్రీ ఎవరినీ నిందించలేదు. సామాన్లు పాత ఇనుము కొనేవాడికి చూపించి, షాపు ఖాళీ చేస్తానని జాగా యజమానికి చెప్పేశాడు. ఒక్కటే అనుకున్నాడు: నా చేతిపని పోయింది, పోతేపోయింది, ఆ పిల్ల ఇంట్లో దీపం నిలబడింది. రోజుకు పదిసార్లు అనుకునేవాడు. అన్నిసార్లు అనుకోవలసి వస్తోందంటేనే అది సరిపోవడం లేదని అతనికీ తెలుసు.

బుధవారం పదకొండు గంటలకు అల్లుడు షాపుకు వచ్చాడు. బుధవారం పదకొండు గంటలకు అతను కిటికీ వెనక ఉండాలి. చంకలో అట్టపెట్టె ఉంది. తల వంచి లోపలికి వచ్చాడు, వంచిన తల మళ్ళీ ఎత్తలేదు.

"కౌంటరు తీసేశారు మామయ్యా."

"తీసెయ్యడమేంటి?"

"బయటివాళ్ళకి కౌంటరు పెట్టమని తీర్పులో ఉందట. తీర్పు పోయింది కాబట్టి కౌంటరు అక్కర్లేదట. కిటికీకి ఇటుకలు కట్టేస్తున్నారు."

"మరి నిన్ను లోపల ఎక్కడైనా..."

"లోపల ఖాళీలు లేవట. మేనేజరుగారు చెయ్యి కలిపారు. సాక్ష్యం చాలా బాగా ఇచ్చానన్నారు."

మేస్త్రీ డ్రాయరు లాగాడు. స్క్రూలు నేలమీద కుమ్మరించి, కింద పడి ఉన్న కాగితాలు దులిపి, కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఏడో పేజీలో ఉంది. బయటి మెకానిక్కుల కోసం కంపెనీ ప్రత్యేకంగా ఒక కౌంటరు పెట్టాలి, తీర్పు అమల్లో ఉన్నంతకాలం అందులో ప్రత్యేకంగా ఒక ఉద్యోగిని ఉంచాలి. ఆ వాక్యాన్ని అతను రెండుసార్లు చదివాడు. అంటే అల్లుడికి ఉద్యోగం ఇచ్చింది కంపెనీ కాదు, తీర్పు. ఎనిమిదేళ్ళకు పైగా అతని ఇస్త్రీ చొక్కాను, ఆదివారం జోకులను మోసింది ఈ ఒక్క వాక్యం. దాన్ని మామ ఒక చెయ్యి, అల్లుడు ఒక చెయ్యి వేసి కోర్టులో కూలదోశారు, ఇద్దరూ ఆ ఉద్యోగాన్ని కాపాడటానికే.

"అమ్మాయికి చెప్పావా?"

"ఇంకా లేదు." అల్లుడు పెట్టెను మోటారు మీద, టీ గ్లాసు పక్కన పెట్టాడు. "పాత సరుకు పారెయ్యమన్నారు. మీకు పనికొస్తాయేమోనని తెచ్చాను."

చెప్పి స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చోవడం గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మేస్త్రీ అది చూశాడు.

పెట్టె విప్పితే నూనె కాగితంలో చుట్టిన పిల్లిగోళ్ళు, కొత్తవి, వరసలుగా. నాలుగేళ్ళు లేవన్నవి. ఒకటి తీసి బొటనవేలితో కొన తడిమి చూశాడు. పదును అలాగే ఉంది. దాన్ని బిగించడానికి ఊళ్ళో అతని చేతిలో ఒక్క తలుపూ లేదు. పెట్టె పక్కన అంటించిన చీటీ మీద 417 అని అచ్చువేసి ఉంది. దాని కింద బాల్‌పెన్నుతో, పెద్ద అక్షరాల్లో, ఎవరో 'పిల్లిగోరు' అని రాశారు. మాట చివర ఒక గీత, గీత కింద రెండు చుక్కలు.

కోర్టులో లాయరమ్మకు కావలసింది ఈ చీటీ ఒక్కటే. మేస్త్రీ చాలాసేపు దాన్నే చూశాడు.

"ఇది ఎప్పుడు రాశావు బాబూ?"

అల్లుడు గోడవైపు నుంచి తిరగలేదు.

"చేరిన కొత్తలోనే మామయ్యా. మీరొచ్చి అడిగితే వెతుక్కోకుండా వెంటనే ఇవ్వొచ్చని."